సూపర్‌హీరోల కౌలు

శనివారం, వికారాబాద్

తాండూరు కాలేజీ చర్చాపోటీలో ఈరోజు ఓడిపోయాను. రాష్ట్రస్థాయి అవకాశం పోయింది. కామిక్స్ కంపెనీలు తమ సూపర్‌హీరోల సినిమా హక్కులను ఒక్కొక్కటిగా వేర్వేరు స్టూడియోలకు పంచడం అవివేకమని, అందుకే ఒకే కథలోని వీరులు ఒకే తెరపై కలవలేకపోయారని ధాటిగా వాదించాను.

ప్రత్యర్థి శ్రావణి నాపరాయి గనులున్న ఇంటి అమ్మాయి. నింపాదిగా లేచింది.

"అన్నా, మా తాత నాలుగు గనులు నలుగురికి కౌలుకిచ్చిండు, అమ్ముకోలే. గడువులోపట తవ్వకుంటే గని మళ్ల మాదే అని రాయించుకున్నడు. గా స్టూడియోలది గూడ గంతే. సినిమా తియ్యకుంటే హీరో వాపస్ కామిక్స్ కంపెనీకే పోతడు. గందుకే ఆగమాగం తీస్తున్నరు. మరి ఇచ్చినోడు పిచ్చోడా?"

సభ గొల్లుమంది. ఆ గడువు షరతు గురించి నేనూ చదివాను. అందులోని తెలివి ఆమె చెప్పాకే కనిపించింది. నాకింకా ఒక నిమిషం మిగిలి ఉన్నా, "నా దగ్గర సమాధానం లేదు" అని కూర్చున్నాను.

తిరుగు బస్సులో నా జట్టువాడు మహేశ్ ఒకటే తిట్టడం: "ఏదన్న ఒకటి అనకపోయినవ్ రా! జడ్జీలకు ఏమెరుక?"

అనగలిగేవాణ్ణే. కానీ అంత చక్కని వాదాన్ని బుకాయింపుతో చెడగొట్టడానికి మనసొప్పలేదు.

ఓడినందుకు బాధగానే ఉంది. ఆ వాదం నాకు తట్టనందుకు ఉన్న బాధ అంతకన్నా పెద్దది.