సముద్రంలో తడవని బూట్లు

అవ్వా, నేను క్షేమం. చెల్లె సుమన ఇది నీకు చదివి వినిపిస్తుంటే మధ్యలో భయపడకు.

నీళ్ల గండమని నన్ను కందకుర్తిలో గోదావరి స్నానానికి పోయినా గట్టునే కూర్చోబెట్టేదానివి కదా! నిన్న శిక్షణలో నీళ్లమీద తేలే యుద్ధ బండిని నేనే సముద్రంలోకి దింపి, అలల మీదుగా ఒడ్డుకు నడిపాను. దిగి చూస్తే బూట్లు కూడా తడవలేదు. నాతో పనిచేసే ధర్పల్లి నర్సింలు ఊరుకుంటాడా? "సముద్రంల బండి నడిపినోడు గిట్ల పొడిగుంటే ఎట్లరా!" అని అందరితో కలిసి నన్నెత్తి అలల్లో ముంచాడు. ఉప్పునీళ్లు మింగి నవ్వుతూ లేచాను.

పసుపు ఉడకబెట్టడం అయిందా? మామిడి తొక్కు పంపు, ఉన్నదంతా నర్సింలే తిన్నాడు. బాపుకు దండాలు.

వచ్చే నెల సెలవు. ఈసారి కందకుర్తి గట్టు మీద నా బూట్లకు నువ్వు కాపలా కూర్చో, నేను మునిగి వస్తాను.

నీ ప్రశాంత్