తాగి పోయినవాళ్లు ఇద్దరే

ఆరోగ్య శాఖ అధికారి గారికి నరిన్ నది ఎగువనున్న మా ఊరి నర్సు నమస్కరించి రాసుకుంటున్నది.

పక్క జిల్లాలో తాగి చనిపోయినవాళ్లు నలభై మంది, మా దగ్గర ఇద్దరే కాబట్టి, తాగుడు మాన్పించే డాక్టర్ని అక్కడికి మారుస్తున్నామని రాశారు. అయ్యా, ఆ లెక్క తప్పు. ఆ తప్పు నాది. పన్నెండేళ్లుగా వోడ్కా తాగి పోయినవాళ్లకు నేను గుండె జబ్బని రాస్తూ వచ్చాను. మా ఊరి బురుల్చా తన భర్త శవం పక్కన కూర్చుని, "తాగి పోయాడంటే ముల్లా శవం ముందు నమాజుకి రాడు చెల్లీ. పిల్లల ముందు ఊరికే పూడ్చిపెట్టమంటావా?" అని అడిగితే నిజం రాయడానికి చెయ్యి రాలేదు.

పోయిన నెల మా తమ్ముడు కుబాత్ పోయాడు. వాడికి మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. మీ లెక్కలోని ఇద్దరిలో ఒకడు వాడే, రెండోవాడు పట్నం ఆసుపత్రిలో పోయినవాడు. అప్పట్నుంచి మరదలు నాతో మాట్లాడటం లేదు. ముల్లా మాత్రం వచ్చి నమాజు చదివాడు. వెళ్లేముందు, "అందరి సంగతీ నాకు తెలుసమ్మా. ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే మోశావు" అన్నాడు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి, డాక్టర్ని ఉంచండి. ప్రతి గురువారం ఆయన గది ముందు ఏడుగురు కూర్చుంటారు. వాళ్లలో ఎవరికీ మరణపత్రం రాయాలని నాకు లేదు.