రెండు రాళ్ళ నడుమ గీత

ఫిబ్రవరి 2, ఆదివారం

మళ్ళా జామెట్రీ! అంగన్‌వాడీలో ఆయాగా చేస్తాండా. టెన్త్ పాసైతే టీచర్ పోస్టుకు అప్లై చేసుకోవచ్చు. అందుకే ఈ వయసులో పెనుకొండకు పోయి ఓపెన్ టెన్త్ క్లాసులో కూసుంటాండా.

బిందువుకు పొడుగూ లేదు, వెడల్పూ లేదంట. మరి ఉండాదని ఎట్ల నమ్మేది? కుమారస్వామి సారును అడిగితే నమ్మాలమ్మా అన్నాడు. ప్రూఫ్ లేకుండా ఒప్పుకునేదాన్ని స్వీకృతం అంటారంట. సరే, ఒప్పుకున్నా. పెండ్లి గూడా అట్లే ఒప్పుకున్నా గదా.

ఫిబ్రవరి 9

స్లిప్ టెస్ట్. రెండు బిందువుల గుండా ఎన్ని సరళరేఖలు గీయొచ్చు? రెండు అని రాసినా. ఎందుకమ్మా రెండు అన్నాడు సారు. మా చేనికీ మా బావ చేనికీ నడుమ రెండు హద్దురాళ్ళు ఉండాయి సార్, మా ఆయన చెప్పే గీత ఒకటి, బావ చెప్పే గీత ఒకటి అన్నా. క్లాసంతా పకపకా నవ్వింది. సారు నవ్వలేదు. గట్టిగా లాగితే ఒకటే గీతమ్మా అన్నాడు.

బస్సులో ఏడుపొచ్చింది. గట్టు కోసం అన్నదమ్ములు కొట్టుకున్యారు, సరే. బావ పెండ్లాం హనుమంతమ్మ నా సొంత అక్క! ఒకింట్లో పుట్టి, ఒకింటికే కోడండ్లుగా వచ్చినాము. మూడేండ్లుగా ఎదురుపడితే తల తిప్పుకోని పోవాల. మాట్లాడితే కాళ్ళిరగ్గొడతానంటాడు మా ఆయన. బావ గూడా అక్కకు అదే చెప్పినాడంట.

నాకు చేనొద్దు, గట్టొద్దు. అక్క కావాల.

ఫిబ్రవరి 13

గట్టు చూసొచ్చినా. ఏటా సరిచేసేటప్పుడు వాళ్ళొక పార మన్ను ఇటు, మేమొక పార అటు. పాము మాదిరి వంకర్లు పోయింది.

ఫిబ్రవరి 17

మా ఆయన పనుండి ధర్మవరం పోయినాడు. శెనక్కాయ పీకేసినాక చేను బయలుగా ఉండాది. నైలాన్ దారం ఉండ తీస్కోని పోయినా. ఒక రాయికి కట్టి రెండో రాయి కాడికి లాగినా. నడుమ జిల్లేడు చెట్లకు తగులుకుంటాది. విడిపించేదానికి పోతే ఈడ జారిపోతాది. అటూ ఇటూ ఉరికి ఉరికి ప్రాణం విసిగింది. థూ, ఎవడు కనిపెట్టినాడీ లెక్కలని దారం ఇసిరికొట్టినా.

చూస్తే దారం పైకి లేస్తాండాది. గట్టవతల అక్క! కొంగు నడుముకు చెక్కుకోని జిల్లేడు కొమ్మల్లోంచి విడిపిస్తాండాది. పోయి ఆ కొస పట్టుకునింది. ఇద్దరం గట్టిగా లాగినాము.

గీత మా చేన్లో పడింది. రెండు సాళ్ళు వాళ్ళవే. ఇన్నేండ్లూ తిన్నది మేమే.

నాకు మొగం చెల్లలేదు. అక్క దారం చుట్టుకుంటా నా కాడికొచ్చింది. ఆ సాళ్ళ తట్టు చూడనే లేదు. ఎంత చిక్కిపోయినావే లచ్చిమీ, తింటాండావా లేదా అనింది. ఆడే కూలబడి ఏడ్చినా.

ఫిబ్రవరి 18

మా ఆయనకు అంతా చెప్పేసినా, అక్కతో మాట్లాడింది గూడా. కాళ్ళిరగ్గొడితే ఇరగ్గొట్టు, ముందు పోయి దారం లాగి చూసుకో అని అరిసినా. కంచం తోసేసి లేసిపోయినాడు.

మార్చి 2

ట్రాక్టర్ పిలిపించి చేను దున్నించినాడు. గట్టు పక్కన రెండు సాళ్ళు వదిలిపెట్టినాడు.

మార్చి 19, హిందూపురం

మ్యాథ్స్ ఎగ్జామ్ అయిపోయింది. అదే ప్రశ్న వచ్చింది. ఒకటి అని రాసినా.

గేటు కాడ అక్క, చేతిలో క్యారియర్. సంగటి చల్లారిపోతాందంట.