జామకాయ పరీక్ష

నాన్నా,

నీ మడత కత్తి స్ప్రింగు విరిగిపోయింది. రోజూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడానికి కొత్తది కొందామని ఇవాళ వన్‌టౌన్ వెళ్లాను, నీలాగే జామకాయ పట్టుకుని. అప్పట్లో నువ్వు ప్రతి కత్తితోనూ కాయ కోసి చూస్తుంటే నీ వెనక నిలబడి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈసారి నేనే కౌంటరు మీద కాయ పెడితే కత్తుల కొట్టు మస్తాన్ గారు పగలబడి నవ్వారు.

"నాన్నగారి పరీక్షేనా అమ్మా? కానివ్వు!"

ఆయన ముందు తీసిచ్చిన మెరిసే కత్తి కాయను నలిపేసింది. చెక్క పిడి ఉన్న చిన్నది మాత్రం గింజల్లోంచి కూడా సాఫీగా దిగింది.

"ఇదేనండీ" అన్నాను.

ఆయన సొరుగులోంచి ఉప్పూకారం పొట్లం తీశారు. "ఆయన కోసం ఉంచేవాణ్ణి. ఇంకా అలవాటు పోలేదమ్మా."

కొట్లో అందరికీ ముక్కలు పంచాను. నీకిష్టమని గింజల్లేని అంచుముక్క పక్కన పెట్టాను. కాసేపు చూసి నేనే తినేశాను నాన్నా, ఏమనుకోకు.