పద్నాలుగు అంకెలు

మార్చి 3

రాయకపోతే ఊపిరాడేలా లేదు. ఇవాళ లంచ్ టైములో ఫోన్ల పెద్ద షోరూంలోకి వెళ్లాను. వాళ్ల రేట్లు కనుక్కుని వస్తానని మా ఓనర్‌కి చెప్పాను. అబద్ధం. కొత్త మోడల్ వచ్చింది, చూడాలనిపించింది. ఇరవై నిమిషాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పోయినేడాది దానికీ దీనికీ తేడా ఏంటని సేల్స్ కుర్రాణ్ణి అడిగితే, కెమెరా చుట్టూ రింగు మారింది సార్ అన్నాడు. ఇంకా ఏంటంటే, కొత్త రంగొచ్చింది సార్ అన్నాడు. స్క్రీన్ ఇంకాస్త సాగింది. ధర ఐదో వంతు ఎగబాకింది. నాకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే ఇంకో పది నిమిషాలు పట్టుకున్నాను.

నేను 'చాలు' సంఘం సభ్యుణ్ణి. మొత్తం ఐదుగురం. ఉన్నది చాలు, చెడితే బాగుచేసుకుందాం, కొనిపించేవాడి మాట వినొద్దు అన్నది మా సిద్ధాంతం. కరపత్రాలు రాసేది నేనే. పాత పుస్తకాల షాపు గుమ్మంలో గుట్టగా పోసే పన్నెండు పేజీల చిన్న పుస్తకాలు చదివి నేర్చుకున్నదే నా చదువంతా. పని చేసేది ఫోన్ రిపేర్ కౌంటర్లో. నా మాటా నా పనీ ఒకటేనని అందరి ముందూ గొప్పలు పోతుంటాను.

నా అలమరలో, పాత కరపత్రాల కట్ట కింద, ఒక కవరుంది. కొత్త ఫోన్ కోసం ఏడాదిగా దాస్తున్న డబ్బు. ఈ సంగతి సంఘానికి తెలియదు. అమ్మకీ తెలియదు.

మార్చి 4

కవరు తీసి చూశాను. మళ్లీ పెట్టేశాను.

మార్చి 9

అమ్మ ఫోన్ మెట్ల మీద పడింది. స్క్రీన్ బద్దలు.

ఆరేళ్ల నాటి ఫోన్ అది. గుప్పిట్లో పట్టేంత చిన్నది. అమ్మ స్పేర్ పార్టుల గోడౌన్లో ఆర్డర్ల కౌంటర్ చూస్తుంది. డబ్బా మీద నంబరూ ఆర్డర్ కాగితం మీద నంబరూ ఒకటేనా అని సరిపోల్చి పంపడం ఆవిడ పని. ఇంటికొచ్చి ఆ ముక్కల్ని నా ముందు పెట్టి, పోనీలేరా, దాని ఆయుష్షు తీరింది, ఇప్పుడు పలకలాంటివి వస్తున్నాయిగా, అలాంటిది ఒకటి తీసుకుందాం అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మనిషి చెయ్యి పెరగలేదు, జేబు పెరగలేదు, ఫోన్ ఎందుకు పెరగాలి అని మొదలుపెట్టి అరగంట వాయించాను. కంపెనీలు, గనులు, చెత్తకుప్పలు, అన్నీ చెప్పాను. అమ్మ గిన్నెలు తోముతూ విన్నది. చివర్లో, సరే మహానుభావా, మంచినీళ్లు తాగు, గొంతు ఎండిపోయి ఉంటుంది అంది.

మర్నాటి దాకా కూడా ఆగలేదు. ఇంట్లోనే కూర్చుని నలభై నిమిషాల్లో కొత్త గ్లాసు వేసేశాను.

ఆ అరగంటసేపూ ఆ కవరు అలమరలోనే ఉంది.

మార్చి 15

మళ్లీ పడింది. అదే మూల. ఈసారి డిస్‌ప్లే కనెక్టర్ కూడా పోయింది. ఇది ఇక లేవదు కదరా అని అమ్మ అడిగింది. లేపాను. నా మెడ వెనక నిలబడి, నీ చేతిలో పడ్డదానికి చావు కూడా దొరకదు కదరా అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. డ్యూటీ అలసట అనుకున్నాను.

మార్చి 22

అమ్మ ఫోన్ సబ్బునీళ్ల బకెట్లో పడిందట. బట్టలు నానబెడుతుంటే జారిందట. కౌంటర్‌కి తీసుకెళ్లి విప్పాను. సిమ్ ట్రే లాగితే ఖాళీ. మెమరీ కార్డూ లేదు. నీళ్లలో పడబోయే ఫోన్లోంచి సిమ్ తనంతట తను లేచి బయటికి నడిచిందా? ఇంటికొచ్చి వెతికాను. కుట్టుపెట్టెలో, గుండీల మధ్య, కాగితంలో పొందిగ్గా చుట్టి రెండూ ఉన్నాయి.

అంటే ముంచింది. మెట్ల మీదా పడేసింది. రెండుసార్లూ. నా ఇంట్లో, నా తల్లి, ఒక పెద్ద ఫోన్ కోసం బతికున్న ఫోన్‌ని చంపడానికి మూడుసార్లు ప్రయత్నించింది!

ఏమీ అడగలేదు. బోర్డు కడిగాను, ఆరబెట్టాను, బ్యాటరీ మార్చాను, సిమ్ వేసి చేతిలో పెట్టాను. కోపంతో చేసిన రిపేరు ఇంత బాగా కుదరడం ఇదే మొదటిసారి. సిమ్ ఎక్కడ దొరికిందని ఆవిడ కూడా అడగలేదు.

మార్చి 23, ఉదయం 6

కరపత్రం పూర్తయింది. పేరు: అంగుళాల ఆశపోతు.

"బతికున్న ఫోన్‌ని చేతులారా నీళ్లలో ముంచి, పెద్దదాని కోసం నాలుక చాచే ఆశపోతులు ఎక్కడో లేరు. మన ఇళ్లలోనే ఉన్నారు." ఈ వాక్యం రాయగానే లేచి గదంతా రెండుసార్లు తిరిగాను. అంత బాగా వచ్చింది.

కాగితం దండగ కాకూడదని అర షీటుకి రెండు వైపులా చీమల్లాంటి అక్షరాలతో కొట్టించాలి. ఎప్పుడూ అంతే చేస్తాం. టైప్ చేసిన ప్రతిని అలవాటు ప్రకారం అమ్మకే ముందు చూపించాను. వచ్చే కోపం వస్తే రానీ అనుకున్నాను. దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది, వెనక్కి తిప్పింది. బాగా రాశావురా అని తిరిగిచ్చింది.

తన మీదే రాస్తే బాగుందంటుంది. కొంచెం కూడా సిగ్గు లేదే అనుకున్నాను. అవును, మా అమ్మ గురించే ఈ మాట అనుకున్నాను.

మార్చి 27

షిఫ్టు వదిలే టైముకి గోడౌన్ గేటు దగ్గర పంచాం. చోటు ఎంచింది నేనే. మూడొందల మంది బయటికొస్తారు, ఒక్క దెబ్బకి అయిపోతుందని సంఘానికి చెప్పాను. అసలు కారణం చెప్పలేదు.

అమ్మ కూడా వచ్చింది. అందరిలాగే చెయ్యి చాచింది. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, తొందరగా వచ్చెయ్, ఎండ ఇంకా దిగలేదు అంది.

మార్చి 28

అమ్మతో పాటు గోడౌన్లో పనిచేసే అత్త ఇవాళ కౌంటర్‌కి వచ్చింది. పక్క వాటాలో ఉంటుంది, చిన్నప్పట్నించీ అత్తా అనే పిలుస్తాను. చార్జర్ కోసం వచ్చిందనుకున్నాను. చార్జర్ తర్వాత సంగతి, ముందు నీ సంగతి చూడాలి అంది.

ఓనర్ ముందే మొదలెట్టింది. ఒరే మేధావీ, నీ కాగితం ఇవాళ భోజనాల బల్ల దగ్గర పైకి చదివారు, అందరూ పడీ పడీ నవ్వారు, మీ అమ్మా నవ్వింది, నవ్వీ నవ్వీ చెయ్యి కడుక్కోవడానికి పోయి పావుగంట రాలేదు, వెళ్లి చూస్తే కుళాయి తిప్పేసి నిలబడి ఉంది అంది.

ఆ తర్వాత మిగతాది చెప్పింది. అమ్మకి కంటి మధ్యలో మచ్చ వచ్చిందట. రెండేళ్లయిందట. చుట్టూ కనబడుతుంది గానీ చూసిన చోటే అక్షరం మాయమైపోతుందట. అద్దాలతో పోయేది కాదని డాక్టరు చెప్పాడట. డబ్బా మీద లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదువుతోందట ఇన్నాళ్లూ. పార్టు నంబరు పద్నాలుగు అంకెలు. ఆవిడకి కనబడేంత పెద్దది చేస్తే ఆ గుప్పెడు స్క్రీన్లో తొమ్మిదే పడతాయి. జరుపుకుంటూ చదవాలి. జరిపినప్పుడల్లా ఒక అంకె జారిపోతుంది. ఇప్పటికి రెండు పార్సిళ్లు తప్పు పోయాయి. మూడోది పోతే కౌంటర్ నుంచి తీసేస్తానని సూపర్‌వైజర్ అన్నాడట. అక్కణ్ణుంచి తీసేస్తే ఇక ఇంటికే.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే మర్నాడే గేటు ముందు బ్యానర్ కట్టి మా అందరి ఉద్యోగాలూ ఊడగొడతావని భయపడిందిరా అంది.

తనే కొనుక్కోవచ్చుగా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో. షోరూం దాకా వెళ్లి తిరిగొచ్చేసిందట. నా కొడుకు ఊరందరికీ వద్దని చెబుతుంటే నేనే కొంటే వాడు తలెక్కడ పెట్టుకుంటాడు, ఇది దానంతటది పోతే అప్పుడు ఎవరూ ఏమీ అనరు అందట.

పోనివ్వలేదు. మూడుసార్లు బతికించాను.

ఓనర్ చార్జర్ ఇచ్చి డబ్బులొద్దన్నాడు. నా వైపు చూడలేదు.

మార్చి 29

ఇన్నాళ్లూ చూసినవే ఇవాళ మళ్లీ చూశాను. గోడ గడియారం కిందే నిలబడి టైమెంతైందిరా అంటుంది. సూదిలో దారం నన్ను ఎక్కించమంటుంది, నీ కళ్లు చురుకు అని మెచ్చుకుంటుంది కూడా. బస్సుని నంబరుతో కాదు, రంగుతో పోల్చుకుంటుంది. నేను చుక్కంత స్క్రూ ఎక్కడ పడినా పట్టుకుంటానని పేరున్నవాణ్ణి.

మార్చి 31

కవరు జేబులో పెట్టుకుని షోరూంకి వెళ్లాను. అత్తని అడిగి ఒక లేబుల్ తెచ్చుకున్నాను. అంకె బొటనవేలి గోరంత ఉంటే గానీ అమ్మకి ఆనదట. ఆ లెక్కన లేబుల్‌ని ఒక్కో ఫోన్‌తో ఫొటో తీసి, గోరంత చేసి, అడ్డంగా తిప్పి, ఎన్ని అంకెలు పడుతున్నాయో చూశాను.

ముందు చిన్నవాటినే చూశాను. అవి సరిపోతే బాగుండునని ఇంకా నాలో ఒకడు కోరుకుంటున్నాడు. ఆ మాటా రాయాలి. ఒకదాంట్లో పదకొండు. ఇంకోదాంట్లో పదమూడు. ఒక్క అంకె చాలక ఆ పదమూడు అంకెల దాన్ని ఎంతసేపు తిప్పానో.

ఈ ఏడాది పెద్ద మోడల్లో పద్నాలుగు పట్టాయి. పోయినేడాది దాంట్లోనూ పద్నాలుగే. మిగిలిపోయిన పాత స్టాక్ ఉంటే తెమ్మన్నాను. రెండేళ్ల నాటిది ఒకటే ఉంది, డబ్బా మీద దుమ్ము. దాంట్లోనూ పద్నాలుగే! సేల్స్ కుర్రాడు పాపం చివరిదాకా ప్రయత్నించాడు. కొత్తదాంట్లో జూమ్ వంద రెట్లు సార్, చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి అన్నాడు. చంద్రుడు మా గోడౌన్లో లేడయ్యా అన్నాను.

దుమ్ముదే కొన్నాను. కవర్లో ఇంకా కొంత మిగిలింది. ఇంటికి నడుస్తుంటే లోపలొకడు లేచి, చూశావా, రెండేళ్లలో ఏమీ మారలేదు, సిద్ధాంతమే గెలిచింది అన్నాడు. వాణ్ణి చెంప పగలగొట్టాలనిపించింది.

ఏప్రిల్ 2

నిన్నంతా ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు. ఇవాళ పొద్దున టీ పెడుతుంటే పక్కన పెట్టాను. ఇదేంట్రా, పలకా పళ్లెమా అంది. చేతులు తుడుచుకుని తీసుకుంది. మీ సంఘం వాళ్లు చూస్తే నీకు పిండం పెడతారేమో అంది. డబ్బెక్కడిదని అడిగింది. దాచుకున్నానన్నాను. దేనికని అడగలేదు.

ఫొటో తీసి పెద్దది చేసుకోవడం చూపించబోయాను. నాకొచ్చులే అని బ్యాగు తెరిచింది. నాలుగు మడతల కరపత్రం తీసి, బల్ల మీద పరిచి, ఫొటో తీసింది. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టింది. మెల్లగా, బడిపిల్లలా, ప్రతి మాటా. నేను ఆపలేకపోయాను. టీ పొంగింది. ఇద్దరం లేవలేదు.

నాలుక చాచే ఆశపోతులు అన్న చోట ఆగింది. మళ్లీ మొదటినుంచి ఆ వాక్యం చదివింది. ఎవర్రా ఈవిడ అని అడిగింది.

ఎవరూ కాదు, ఊరికే రాశానన్నాను.

పాపం, ఎవరోగానీ ఒక ఫోన్‌ని సరిగ్గా ముంచడం కూడా చేతకానిది అంది. స్టవ్ కట్టేసి, గిన్నె దించుతూ, రెండేళ్ల తర్వాత నీ రాత నా కళ్లతో చదివాను, కోపం ఎక్కువైంది గానీ వాక్యం బాగుందిరా అంది.

రెండేళ్లు. ఇరవై మూడు కరపత్రాలు. అన్నిటికీ బాగా రాశావురా అంది.

ఏప్రిల్ 6

మీటింగ్‌కి వెళ్లలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

ఏప్రిల్ 9

అమ్మ తనే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి కంటి సంగతి చెప్పేసిందట. ఫోన్ బల్ల మీద పెట్టి, మీ ఇష్టమొచ్చిన డబ్బాలు తెప్పించండి అందట. ఇరవై తెప్పించాడట. ఇరవయ్యీ తప్పు లేకుండా చదివిందట. నెలాఖరు దాకా చూద్దాం అన్నాడట. చూడనీ, నాకు కావలసింది కూడా ఎవరో ఒకరు చూడటమేగా అని నవ్వింది.

అప్పుడే చెప్పాల్సింది. క్షమించమ్మా అని, మూడు మాటలు కూడా కావు. నోరు తెరిచాను. ఫోన్‌కి కవర్ వేయించనా అని అడిగాను.

వేయించు, మళ్లీ బకెట్లో పడుతుందేమో అంది.

ఏప్రిల్ 11, ఉదయం 7

ఇవాళ్టి నుంచి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అక్షరం బొటనవేలి గోరంత. పేజీకి నాలుగే లైన్లు పడుతున్నాయి. కాగితం దండగే.

అమ్మ లేచే టైమైంది. డైరీ బల్ల మీద, ఆవిడ ఫోన్ పక్కన, మార్చి 3 దగ్గర తెరిచి పెట్టి పనికి వెళ్తున్నాను.