గడ్డి చుట్టల వాముకు కొస పెట్టిన సంగతి

మండల వ్యవసాయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గడ్డి చుట్టే మిషన్‌ను నా మిగిలిన ఎకరానికి వాన పడేలోపు పంపించుట గురించి.

చంద్లాపూర్ దగ్గరి రైతు, రిటైర్డ్ టీచర్ స్వరాజ్యలక్ష్మి, వయస్సు డెబ్బై రెండు, చేసుకొను మనవి.

1. మునుపు మా రెండెకరాల గడ్డిని తొమ్మిది మంది మూడు రోజులు మోసి వాము వేసేవారు. పైన నిలబడి తొక్కుతూ కొస తీర్చే పని నలభై ఏళ్లుగా నాదే. కోత మిషన్లు వచ్చాక గడ్డి చిందరవందరగా పడి, కాల్చడమే మిగిలింది. ఇప్పుడు మా ఊరి రైతు సంఘం తెచ్చిన మిషన్ ఒక ఎకరం గడ్డిని నలభై నిమిషాల్లో ముప్పై ఎనిమిది చుట్టలు చేసింది. ఒక్కో చుట్ట దబ్బున పడినప్పుడల్లా నేను నవ్వాను. కారణం రాయలేను.

2. పొరపాటు నాదే. చుట్టలను నేల మీద వరుసగా పేర్చమని సంఘం అధ్యక్షుడు గజేందర్ చెప్పాడు. కొస లేకుంటే వాములోకి నీళ్లు దిగుతాయని నేను వాటితోనే కొస పెట్టించి, అలవాటుకొద్దీ పైకెక్కి తొక్కాను. నాలుగు చుట్టలు జారి, నిచ్చెనను కూడా తీసుకొని, దిగువనున్న ఇస్తారి వాకిట్లోకి పోయాయి. ఇస్తారి ఆ మిషన్ నడిపే మనిషి. గడ్డం సగమే గీసుకొని ఉన్నాడు. నురుగుతోనే ఉరికి వచ్చాడు.

"టీచరమ్మా, నేను చుట్టిన గడ్డి నన్నే తరుముతుంది. నవ్వుతవేంది? దిగు ముందుగాల."

"నిచ్చెన పట్టుకరా, దిగుత," అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను.

3. దాంతో ఇక నా పొలానికి మిషన్ పంపరాదని సంఘం తీర్మానించింది. మిగిలిన ఎకరం గడ్డి పొలంలోనే ఉంది. తడిస్తే నల్లబడుతుంది. నా రెండు బర్రెలకు రెండు రోజులకొక చుట్ట కావాలి. ఉన్నవి డెబ్బై ఆరు రోజులకే వస్తాయి. ఆ తర్వాత బర్రెలను అంగడికి తోలాలి. నా వల్ల కాదు, అయ్యా.

ఇకముందు చుట్టలను వరుసగానే పేర్చి టార్పాలిన్ కప్పుతానని హామీ ఇస్తున్నాను. తమరు ఒక్కసారి పడమటి మబ్బును చూసి, ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్వరాజ్యలక్ష్మి

తా.క.: సంతకం పెడుతుండగా ఇస్తారి మిషన్‌తోనే వచ్చాడు. "మొగులైంది టీచరమ్మా, వానొస్తది. గా కాయితం తర్వాత రాద్దువు, లే."

"తీర్మానం సంగతి?" అన్నాను.

"గజేందర్ బావ సిద్దిపేటకు పోయిండు. వచ్చేటాల్లకు అయిపోతది."

ఇప్పుడే పొలం నుంచి వచ్చి ఇది రాస్తున్నాను. నలభై ఒక్క చుట్టలు వచ్చాయి. ఆఖరిది ఇంటికి చేర్చాకే వాన మొదలైంది. కావున తమ అనుమతిని నిన్నటి తేదీతో ఇప్పించగలరు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను ఒక్క తేదీ కూడా మార్చి రాయలేదు.