పాలిచ్చేటప్పుడు వేసుకునే దండ

హునాయ్, పడవ వచ్చేసింది, మరుడి ఊళ్లో సంతకు పోతున్నాను. నిన్న నువ్వు పెట్టెలోంచి తీసి వేసుకున్న మా అమ్మ పాతకాలపు లుకుత్ గాజుపూసల దండ నాతో తీసుకుపోతున్నాను. వెతకకు. బాబుకు పాలిచ్చేటప్పుడు మేకుకు తగిలించిన కొత్తది వేసుకో. రంగు వేయని చెక్కపూసలు, వాడి నోట్లో పట్టనంత పెద్దవే ఏరాను. వల తాడుతో గుచ్చి, పూసకూ పూసకూ మధ్య ముడి వేశాను. అయినా రోజూ గట్టిగా లాగి చూడు. తాడు పీచు లేస్తే పారేయ్. వాడు నిద్రపోగానే మెడలోంచి తీసేయ్.

మీ అత్త వచ్చి, "పాత పూస తగలకపోతే బిడ్డ ప్రాణం నిలుస్తుందా? మీ అమ్మకి తన నీడను చూసినా భయమే" అంటుంది. అననీ. నిన్న నువ్వూ ఆవిడతో కలిసి నవ్వావు.

కుండలో చేపల పులుసు ఉంది. ముళ్లు చూసుకుని తిను.

ఇంకొక మాట. నీ అన్న లావాయ్ జ్వరంతో పోయాడని ఒకే కప్పు కింద ఉండే మన పొడుగింటి వాళ్లందరికీ చెప్పాను. జ్వరం కాదమ్మా. వాడు నా దగ్గర పాలు తాగుతుండగా ఆ దండ తెగింది. పాతకాలపు పూసలు పోతాయని ముందు అవే ఏరుకున్నాను. ఒకటి తక్కువైందని తెలిశాకే వాడి వైపు చూశాను.